మైనస్ రెండు దగ్గరి చుక్క

లాలాగూడ, సికింద్రాబాద్.
22 ఆగస్టు 2025, శుక్రవారం.

గౌరవనీయులైన హెన్రీ సార్ గారికి,

రైల్వే క్వార్టర్ల వెనక వీధిలో జాకెట్లు కుట్టే ప్రేమమణి వందనాలు చెప్పి రాస్తున్నది. మీ దగ్గర లెక్కల టీచరుగా పనిచేసి చనిపోయిన హదస్సా తల్లిని. మేము క్షేమమని రాయడం నాకు చేతకాదు. మీరు క్షేమమని మాత్రం మొన్న ఆదివారం చర్చిలో మీ వెనక బెంచీలో కూర్చుని తెలుసుకున్నాను. కొత్త కోటు వేశారు. భుజం దగ్గర కుట్టు కొంచెం లాగుతోంది, విప్పించి కుట్టించుకోండి. రేపు కార్ఖానా ఏరియాలో లెక్కల టీచర్ల సభలో మీకు సన్మానమట కదా, ఫోటోలు తీస్తారు.

నేను చదివింది ఏడో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదవండి, దిద్దడం మీకు అలవాటే.

హదస్సా మీ బళ్ళో చేరిన ఏడాది మీరే దానితో అన్నారట, బోర్డు మీద గీసిన గీత కదలదు, పిల్లలకి కదిలే గీతలు చేసి చూపించు అని. ఆ మాట మీదే, నేను కాదనను. చేసిన చేతులు ఎవరివో కూడా మీకు తెలుసు.

మా ఇంట్లో బల్ల ఒకటే సార్. ఈ చివర నా మిషను, ఆ చివర దాని లాప్‌టాప్. సాయంత్రం బడి నుంచి వచ్చి, టీ తాగి, నా ఎదురుగా కూర్చునేది. లెక్క రాస్తే చాలు, అందులో ఉన్న సాఫ్ట్‌వేర్ దానంతట అదే గీత గీస్తుంది. కింద ఒక చిన్న మీట ఉంటుంది, స్లైడర్ అంటారు. దాన్ని అటూ ఇటూ జరిపితే లెక్కలో ఒక అంకె మారుతుంది, దానితో పాటు గీత ఒళ్ళు విరుచుకుంటుంది. రెండేళ్ళు అట్లా నేను కుడుతూ, అది గీస్తూ గడిపాం. మిషను చప్పుడుకి దానికి విసుగు రాలేదు. దాని ప్రశ్నలకి నాకు విసుగు రాలేదు.

మొదటి ఫైలు దేనిదో మీకు తెలియదు. నా జాకెట్ చంకది. నేను పేపర్ కటింగ్ చేస్తుంటే చూసి, "స్కేలు లేకుండా ఈ వంపు ఎట్లా కోస్తావమ్మా?" అంది. ఆ మనిషి భుజం గుర్తు పెట్టుకుని కోస్తాను అన్నాను. కోసిన కాగితం ఫోటో తీసి కంప్యూటర్‌లో పెట్టి, దాని మీద ఒక గీతను జరిపి జరిపి సరిపెట్టింది. అంచుకి అంచు సరిపోయాక, "నీ కత్తెరకి లెక్కలొచ్చమ్మా" అని నవ్వింది.

ఇప్పుడు మీ పేరుతో అచ్చయిన పుస్తకం పద్నాలుగో పేజీ సంగతి. వై స్క్వేర్ ఈక్వల్ టు ఎక్స్ క్యూబ్ మైనస్ మూడు ఎక్స్ ప్లస్ కె. నాకు దాని అర్థం పూర్తిగా తెలియదు, విని విని నోటికొచ్చేసింది. కె అనే అంకె స్లైడర్ మీద ఉంటుంది. రెండు దగ్గర పెడితే గీత ఉచ్చులాగా మెలిక పడి ఉంటుంది. తగ్గిస్తే ఆ మెలిక తెగి, ఎడమ పక్క ఒక గుడ్డు, కుడి పక్క ఒక విల్లు విడిపోతాయి. ఇంకా తగ్గిస్తుంటే గుడ్డు చిన్నదవుతూ చిన్నదవుతూ వచ్చి, మైనస్ రెండు దగ్గర టక్కున మాయమవుతుంది. విల్లు ఒక్కటే మిగులుతుంది.

కిందటేడు జూన్‌లో, వాన పడుతున్న సాయంత్రం, నేను మెరూన్ చీరకి ఫాల్ కుడుతున్నాను. అది ఆ గుడ్డును పెద్దది చేస్తూ చిన్నది చేస్తూ ఆడుతోంది. "అదేమిటే, అంత పద్ధతిగా చిన్నదవుతూ వచ్చింది, ఒక్కసారిగా లేకుండా పోవడమేమిటి? పోయేముందు ఒక్క చుక్కగానైనా నిలబడాలి కదా" అన్నాను. నోరు ఊరుకోక అన్నమాట. అది మీట వదిలేసింది. నా మార్కింగ్ సుద్ద లాక్కుని బల్ల మీదే లెక్క వేసింది. ఎక్స్ దగ్గర మైనస్ ఒకటి పెట్టింది. మైనస్ ఒకటి, ప్లస్ మూడు, మైనస్ రెండు. సున్నా వచ్చింది. "అమ్మా, ఉంది! చుక్క ఉంది! కంప్యూటర్‌కే కనపడలేదు!" అని నన్ను కుర్చీతో సహా ఊపేసింది. "ఏడో తరగతి ప్రేమమణి గారూ, కంప్యూటర్‌ని పట్టేశారండీ" అని అన్నం తినేదాకా ఏడిపించింది.

ఎందుకు కనపడదో కూడా గళ్ళ గుడ్డ ముందు పరిచి చెప్పింది. కంప్యూటర్ తెరను ఇట్లాగే గళ్ళు గళ్ళుగా చూస్తుందట. ఒక గడిలో ఈ మూల ప్లస్సు, ఆ మూల మైనస్ వస్తే, మధ్యలో నుంచి గీత దాటింది అనుకుంటుందట. ఈ చుక్క చుట్టూ అన్ని మూలలా ప్లస్సులే, అందుకని దాని కంటికి ఆనదట. అలాంటి చోట టీచరే లెక్క వేసి చూసుకుని చేత్తో చుక్క పెట్టాలి అంది. పెట్టింది. కె మైనస్ రెండుకి వస్తేనే కనపడేటట్టు, నేను కుడుతున్న ఫాల్ రంగులోనే పెట్టింది.

తరవాత సెప్టెంబరు వచ్చింది. దానికి జ్వరం. రెండో రోజు మీరు ఫోన్ చేశారు, ఇన్‌స్పెక్షన్ ఉంది, ఇంకో ఆరు ఫైళ్ళు కావాలని. ఫోన్ స్పీకర్‌లో ఉంది, నేను విన్నాను. "పడుకునే చెయ్యి హదస్సా, నీకవి ఎడమచేతి పని" అన్నారు. పడుకునే చేసింది. ఆసుపత్రిలో చేతికి సూది గుచ్చేదాకా ఆ మీట జరుపుతూనే ఉంది. మీ వల్ల చచ్చిపోయిందని రాయను. దోమ వల్ల, డెంగీ వల్ల పోయిందని డాక్టరు గారు చెప్పారు. కానీ దాని ఆఖరి నాలుగు రోజులు మీరు తీసుకున్నారు సార్. అవి నావి. నాతో ఏదో చెబుదామని నోరు తెరిచేది, మళ్ళీ తెర వైపు తిరిగేది. ఏం చెప్పబోయిందో నాకు ఇవాళ్టికీ తెలియదు.

అది పోయిన మూడోనాడు ఆదరణ కూడికలో మీరే ప్రార్థన చేశారు. బాగా చేశారు, అందరూ ఏడ్చారు. అయ్యాక నన్ను పక్కకి పిలిచి, లాప్‌టాప్ బడిది కదమ్మా, పిల్లల పాఠాలు ఆగిపోతాయి అన్నారు. పాస్‌వర్డ్ అది నా కొలతల పుస్తకం వెనక అట్ట మీద రాసుకుంది. ఆ అట్ట చింపి నా చేత్తో నేనే మీకిచ్చాను. ఇన్ని నెలల్లో నన్ను నేను తిట్టుకున్నన్ని తిట్లు మిమ్మల్ని కూడా తిట్టలేదు. ఈ మూడు వారాల నుంచి మీ వంతు వచ్చింది.

మూడు వారాల కిందట డోరా గారు, మీ ఇల్లాలు, పట్టు జాకెట్ గుడ్డ తెచ్చారు. "ఇరవై మూడో తారీఖు శనివారం సభకి కావాలి ప్రేమమణీ, సార్ పుస్తకం వేశారు, పెద్ద సన్మానం" అని మురిసిపోతూ నాకూ ఒక పుస్తకం ఇచ్చారు. కదిలే గీతలు, రచన హెన్రీ అని ఉంది అట్ట మీద. తెరవగానే మొదటి పేజీలో కాగితం కటింగ్ ఫోటో. ఆ కాగితం పక్కన కత్తెర. కత్తెర పిడికి ఎర్ర గుడ్డ పీలిక చుట్టి ఉంది, నా బొటనవేలు కాయకాస్తుందని హదస్సా కట్టిన పీలిక. ఫోటో అంచున నా వేళ్ళు కూడా ఉన్నాయి. నా కత్తెర మీ ఇంటికి ఎప్పుడొచ్చింది సార్?

డోరా గారికి ఏమీ తెలియదని ఆమె మొహం చూస్తేనే అర్థమైంది. కొలతలు తీసుకుని పంపించాను.

ఆ సోమవారం నేనూ మా ఆయన జకర్యా మీ బడికి వచ్చాం. ముప్పై ఏళ్ళు వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసినాయన, ఎవరి ముందూ తలవంచలేదు. మీ గది ముందు చెప్పులు విడిచి లోపలికొచ్చారు, బిడ్డ పేరు కోసం. మీరు కూర్చోమనలేదు. మా ఆయన అడిగింది ఒక్కటే, దాని పేరు ఎక్కడో ఒకచోట వెయ్యండి అని. "డిపార్ట్‌మెంట్ పని అందరిదీనండీ, ఒకరి పేరు వేస్తే బాగుండదు" అన్నారు. మరి మీ పేరు ఉంది కదా సార్ అన్నాను నేను. అప్పుడు నవ్వారు. "ఇవి జాకెట్లు కాదమ్మా, మెడ వెనక పేరు పట్టీ కుట్టడానికి" అన్నారు. గుమ్మం దాకా వచ్చి మరీ ఇంకోమాట అన్నారు. "హదస్సా పేరు పరలోకంలో రాసే ఉంటుంది, ఇక్కడ అట్ట మీద లేకపోతే ఏం?"

ఆ మాటకి మా ఆయన ఇంటికొచ్చి కుళాయి కింద మొహం పెట్టి చాలాసేపు కడుక్కున్నారు. నేను కడుక్కోలేదు సార్. ఆ మాట నా మొహం మీద అట్లాగే ఉంచుకున్నాను.

అవును, నేను కుట్టే ప్రతి జాకెట్టు మెడ వెనక "ప్రేమమణి, లాలాగూడ" అని చిన్న పట్టీ ఉంటుంది. ఎందుకంటే కుట్టు ఊడితే నా దగ్గరికి రావాలి. తప్పు వస్తే నేను జవాబు చెప్పాలి. పేరంటే అదీ సార్. మీరు పేరు వేసుకున్నారు కానీ జవాబు చెప్పగలరా అని ఆ రోజే అనుకున్నాను.

గుండీల డబ్బాలో హదస్సా పెన్ డ్రైవ్ దొరికింది. దాని స్నేహితురాలు ఒకామె తెరిచి చూపించింది, పేరు రాయను. "ఆంటీ, తారీఖులన్నీ గీడనే ఉన్నయ్. అన్నీ అక్క చేసినయే. సార్ చేసింది ఒక్కటి సుత లేదు" అంది. గుడ్డు ఫైలు తెరిచి మీట జరపసాగింది. మైనస్ ఒకటి దాటగానే నేను ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాను. చాలమ్మా, ఆపెయ్ అన్నాను. ఆ గుడ్డు చిన్నదైపోవడం నేను చూడలేను. ఆసుపత్రిలో చూసింది చాలు.

కానీ మీ పుస్తకంలో చూశాను. పద్నాలుగో పేజీలో ఐదు బొమ్మలు, కె రెండు నుంచి మైనస్ రెండు దాకా. ఐదో బొమ్మలో చుక్క లేదు. కింద మీ సొంత వాక్యం: కె విలువ మైనస్ రెండు అయినప్పుడు గుడ్డు పూర్తిగా అదృశ్యమై విల్లు మాత్రమే మిగులుతుంది. ఇందరు పిల్లలకి పాఠం చెప్పిన లెక్కల విభాగం పెద్ద, హెచ్.ఓ.డి. గారు, ఒక్కసారి మైనస్ ఒకటి పెట్టి చూసుకోలేదు. మెరూన్ చుక్క చూసి ఆడపిల్ల సోకు పని అనుకుని చెరిపేశారు. అంతే కదా?

ఆ పేజీ చూసిన రోజు నాకు ఎన్నో నెలల తరవాత ఆకలి వేసింది. రెండుసార్లు వడ్డించుకు తిన్నాను.

మన చర్చి అయ్యగారు ఇంటికొచ్చి, క్షమించమ్మా అన్నారు. అడగనివాళ్ళకి క్షమాపణ ఎట్లా ఇవ్వనయ్యా, వాకిట్లో పెట్టి రానా అన్నాను. ఆయన టీ తాగి వెళ్ళిపోయారు. డోరా గారి జాకెట్టు కత్తిరించేటప్పుడు చంక అరంగుళం తగ్గిద్దామా అనిపించింది. స్టేజీ మీద దండ వెయ్యడానికి చెయ్యి ఎత్తగానే పర్రుమనాలి అనుకున్నాను. కత్తెర పెట్టాను, తీశాను. చెయ్యి రాలేదు. నా పేరు పట్టీ ఉంటుంది దాని మీద. సరిగ్గానే కుట్టాను.

ఇప్పుడు నేను అడిగేది వినండి. రేపు స్టేజీ మీద ఆ గీతలు చూపించేముందు ఒక్క వాక్యం చెప్పండి, ఇవి హదస్సా చేసినవి అని. చుక్కను దాని చోట పెట్టండి. అప్పుడు నేను వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టి వచ్చేస్తాను, ఇక మీ జోలికి రాను. చెప్పకపోతే లేచి నిలబడి, మైనస్ రెండు దగ్గర ఏముంది సార్ అని అడుగుతాను. డోరా గారు సాయంత్రం జాకెట్టు కోసం వస్తారు, ఆ కవర్లోనే ఈ ఉత్తరం పెడుతున్నాను. మీకు ఒక పూట టైము ఉంటుంది. హదస్సాకి జ్వరంలో మీరిచ్చిన టైము కంటే తక్కువేమీ కాదు.

ఇట్లు,
మీ మొదటి పేజీ ఫోటోలో కత్తెర పక్కన వేళ్ళు ఎవరివో ఆమె,
ప్రేమమణి

తా.క. శనివారం, సభ నుంచి ఇంటికి వచ్చాక.

పైన రాసిన ఉత్తరం నిన్న మీకు అందలేదు. డోరా గారు అయిదింటికి వచ్చారు. కవర్లో జాకెట్టు, మడత కింద ఉత్తరం పెట్టి ఇచ్చాను. ఆమె మెట్లు దిగుతుంటే పిలిచాను. హుక్కు ఒకటి వదులుగా ఉందండీ, ఒక్క నిమిషం అని అబద్ధం చెప్పి కవరు తీసుకుని ఉత్తరం లాగేసుకున్నాను.

ఎందుకో చెబుతాను. ఉత్తరం అందితే మీరేం చేసేవారో ఆ మెట్ల మీద నాకు కళ్ళకు కట్టింది. చుక్క పెట్టేవారు. నా బిడ్డ పేరు చెప్పి, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేవారు. సార్‌ది ఎంత పెద్ద మనసో అని హాలంతా మీకే చప్పట్లు కొట్టేది. హదస్సా పేరుతో కూడా మీరే సన్మానం చేయించుకునేవారు. మీకు మంచివారయ్యే అవకాశం ఇవ్వబుద్ధి కాలేదు నాకు. టైము ఇస్తానన్నాను, ఇవ్వలేదు. ఇది నా తప్పే, నా పేరు పట్టీ దీని మీద కూడా ఉంది.

స్టేజీ మీద మీరు మీట జరిపారు. గుడ్డు చిన్నదైంది, మాయమైంది. నేను లేచాను. ఇవాళ కూడా గుడ్డు వైపు చూడలేదు, మీ మొహం వైపే చూశాను. అక్కడ ఏముంది సార్ అని అడిగాను. "ఏమీ లేదమ్మా" అన్నారు. నిజంగా ఏమీ లేదా అన్నాను. "తెర మీద కనపడుతోంది కదా, కంప్యూటర్ అబద్ధం చెప్పదు" అన్నారు మైకులో. ముందు వరసలో నవ్వారు. కూర్చోండమ్మా అని ఎవరో అన్నారు. మూడోసారి కూడా అడిగాను, మీరు మూడోసారి కూడా ఏమీ లేదన్నారు. అప్పుడు చెప్పాను, ఎక్స్ దగ్గర మైనస్ ఒకటి పెట్టి చూడండి సార్ అని.

రెండో వరసలో ఒక పెద్దాయన ఆహ్వాన పత్రం వెనక లెక్క వేశారు. "సున్నా వస్తోందండీ. పాయింట్ ఉంది అక్కడ" అన్నారు. మీరు సాఫ్ట్‌వేర్ లోపం అన్నారు. "ఇందాక అబద్ధం చెప్పదన్నారు కదా సార్?" అని వెనక నుంచి ఎవరో అరిచారు, హాలంతా నవ్వింది. ఆ నవ్వు మీకు వినపడిందో లేదో గానీ నాకు గుడి గంటలాగా, కాదు, మన చర్చి గంటలాగా వినపడింది.

అప్పుడు ఊర్మిళ లేచింది, మీ కింద పనిచేసే ఊర్మిళ. నేను పేరు రాయనన్నది ఆమె గురించే. సభకి రావద్దు తల్లీ, ఉద్యోగం పోతుంది అని చెప్పాను. వచ్చింది. "ఆంటీ, ఆ పెన్ డ్రైవ్ జెర ఇటియ్యండ్రి" అని నా చేతిలోంచి తీసుకుని స్టేజీ ఎక్కింది. "నౌకరీ పోతే పోనీ సార్, గిది మా అక్కది" అని మీ ముందే చెప్పి ఫైలు తెరిచింది. మూల మీద హదస్సా పేరు, జూన్ పద్నాలుగో తారీఖు, అంత పెద్ద తెర మీద. ఊర్మిళ మీట జరుపుతుంటే నేను తల దించుకున్నాను. మా ఆయన నా గడ్డం పట్టి పైకెత్తారు. "చూడు ప్రేమా, పోలేదు" అన్నారు.

మెరూన్ చుక్క. దాని పక్కన రెండు మాటలు రాసి ఉన్నాయి. అది ఎప్పుడు రాసిందో నాకు తెలియదు. నేను ఊర్మిళ చెయ్యి మైనస్ ఒకటి దగ్గర ఆపకపోతే మొన్ననే చూసేదాన్ని.

"అమ్మ చుక్క" అని ఉంది సార్.

ఆఖరి నాలుగు రోజుల్లో నాతో ఏం చెప్పబోయిందో అనుకుంటూ ఏడాది గడిపాను. ముందే చెప్పి పెట్టింది. లాప్‌టాప్ మీ దగ్గర ఉంది కాబట్టి మీరు చదివారు. చదివి, చెరిపేశారు.

డోరా గారు నన్ను చూశారు. మెట్లు దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నారు. జాకెట్టు ఆమెకి చక్కగా సరిపోయింది.

సోమవారం నుంచి ఆ హాల్లో ఉన్న టీచర్లందరూ పిల్లలకి ఈ గీత చూపిస్తారు. మైనస్ రెండు దగ్గర మీట ఆపి, ఇక్కడ ఏముందర్రా అని అడుగుతారు. ఏమీ లేదని ఏ పిల్లాడో అంటాడు. కార్ఖానా సభలో హెన్రీ అని ఒకాయన కూడా మూడుసార్లు అట్లాగే అన్నాడని చెప్పి నవ్విస్తారు. ఏటేటా చెబుతారు. పేరు నిలవాలనే కదా ఇంత చేశారు, నిలుస్తుంది లెండి.

ఉత్తరం ఇప్పుడు పంపిస్తున్నాను.